మూడు కిలోమీటర్ల మంచులో వాతావరణ చరిత్ర: రాడార్ చెప్పేదెంత?

క్లుప్తంగా: ధ్రువాల మంచులో లక్షల ఏళ్ల వాతావరణ చరిత్ర పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఒక పొరలో ఏముందో తెలియాలంటే తవ్వి తీయాల్సిందే. ఆ పొర ఎంత దూరం పరుచుకుందో, ఎక్కడ వంగిందో, ఎక్కడ చెదిరిపోయిందో మాత్రం తవ్వకుండానే రాడార్ చూపిస్తుంది. పొర వయసు రాడార్‌కు దానంతట అది తెలియదు. ఒకచోట తవ్వకంలో తేలిన వయసును వందల కిలోమీటర్ల అవతలికి చేర్చడమే దాని అసలు పని.

2025 జనవరిలో అంటార్కిటికా నుంచి ఒక పెద్ద వార్త వచ్చింది. యూరప్ దేశాలు కలిసి నడుపుతున్న ‘బియాండ్ ఎపికా’ ప్రాజెక్టు బృందం లిటిల్ డోమ్ సి అనే చోట 2,800 మీటర్ల మంచును తొలిచి అడుగునున్న రాతిని తాకింది. పైకి తీసిన మంచులో కనీసం 12 లక్షల ఏళ్ల వరస రికార్డు ఉందని తొలి పరీక్షల్లో తేలింది. అప్పటిదాకా అలా వరసగా చదవగలిగిన రికార్డు 8 లక్షల ఏళ్లదే. అదీ అక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో, ఫ్రాన్స్, ఇటలీల కాంకార్డియా స్టేషన్ దగ్గర 2004లో ముగిసిన ‘ఎపికా’ తవ్వకంలో దొరికింది.

వార్తల్లో డ్రిల్లింగ్‌కే చోటు దక్కింది. కోటీ 40 లక్షల చదరపు కిలోమీటర్ల ఖండంలో సరిగ్గా అక్కడే ఎందుకు తొలిచారన్నది అంతగా చర్చకు రాలేదు. దానికి జవాబు రాడార్ సర్వేల్లో ఉంది. అదే ఏడాది జూలై 30న శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ కక్ష్యలోకి వెళ్లింది. అదీ రాడారే, మంచును చూడటం దాని పనుల్లో ఒకటి కూడా. పేరు ఒకటే అయినా ఈ రెండు రాడార్లు చేసే పనులు వేరు. ఆ తేడా దగ్గరికి వెళ్లే ముందు మంచులో రేడియో తరంగం ఎలా నడుస్తుందో చూడాలి.

తప్పు ఎత్తు చూపిన పరికరం

నేల నుంచి విమానం ఎంత ఎత్తున ఉందో రేడియో తరంగాలతో కొలిచే ఆల్టిమీటర్లు మంచు మైదానాల మీద నమ్మదగినవి కావని గత శతాబ్దం మధ్యలోనే తెలిసింది. ఉన్న ఎత్తు కన్నా ఎక్కువ ఎత్తు చూపించేవి. పైలట్లకు ఇది ప్రాణాంతకం. పరికరంలో లోపమేమీ లేదు. తరంగంలో కొంత భాగం మంచు పైభాగాన్ని తాకి వెనక్కి రాకుండా, లోపలికి వెళ్లి కింద ఎక్కడో తగిలి ఆలస్యంగా తిరిగొచ్చేది. అమెరికా సైన్యం సిగ్నల్ విభాగంలో పనిచేసిన అమోరీ వెయిట్ 1950లలో ఈ ఆలస్యాన్నే మంచు మందం కొలిచే పద్ధతిగా మలిచారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాన్ ఎవాన్స్ 1960లలో ప్రత్యేకంగా మంచు కోసమే రాడార్ తయారుచేశారు.

గాలిలో రేడియో తరంగం ఒక మైక్రోసెకనుకు దాదాపు 300 మీటర్లు పోతుంది. గట్టి మంచులో దాని వేగం 168 మీటర్ల దగ్గరికి పడిపోతుంది. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే మిగతాది లెక్క. 3,000 మీటర్ల మందమున్న చోట సంకేతం అడుగుకు వెళ్లి తిరిగి రావడానికి దాదాపు 36 మైక్రోసెకన్లు పడుతుంది. పైన వంద మీటర్లలో ఇంకా గట్టిపడని మంచు ఉంటుంది, అందులో గాలి ఎక్కువ కాబట్టి తరంగం కాస్త వేగంగా పోతుంది. దాన్ని లెక్కలో సర్దుతారు.

ఇంత లోతుకు చేరడం చల్లదనం వల్లే సాధ్యం. మంచు ఎంత వెచ్చగా ఉంటే తరంగాన్ని అంత ఎక్కువగా మింగేస్తుంది. కాంకార్డియా దగ్గర ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 54 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి సంకేతం మూడు కిలోమీటర్లు దిగి మళ్లీ పైకి రాగలుగుతుంది. కరుగు నీరు చేరిన పర్వత హిమానీనదాల్లో పరిస్థితి వేరు. అక్కడ నీటి బుడగలు తరంగాన్ని చెల్లాచెదురు చేస్తాయి. అందుకే వాటి మీద తక్కువ పౌనఃపున్యాలతో, అంటే పొడవాటి తరంగాలతో పనిచేస్తారు.

పొర ఎందుకు కనిపిస్తుంది?

మంచంతా ఒకేలా ఉంటే రాడార్‌కు పైభాగం, అడుగు తప్ప మధ్యలో ఏమీ కనిపించకూడదు. నిజానికి తెర మీద డజన్ల కొద్దీ గీతలు కనిపిస్తాయి. విద్యుత్ గుణం మారిన ప్రతిచోటా తరంగంలో అతి చిన్న భాగం వెనక్కి మళ్లుతుంది. ఆ మార్పుకు కారణాలు లోతును బట్టి మారతాయి.

పైన కొన్ని వందల మీటర్ల వరకు సాంద్రతదే పెత్తనం. ఒక ఏడాది గాలి దెబ్బకు గట్టిగా బిగుసుకున్న మంచు, మరో ఏడాది వదులుగా పడిన మంచు పక్కపక్కనే ఉంటే ఆ సరిహద్దు కనిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ బరువుకు అంతా నొక్కుకుపోయి సాంద్రత దాదాపు సమానమవుతుంది. అక్కడి నుంచి ఆమ్లం ముఖ్యమవుతుంది. పెద్ద అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలోకి చేరిన గంధక వాయువులు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి ఏడాది రెండేళ్లలో మంచు మీద దిగుతాయి. ఆమ్లం ఉన్న పొరలో విద్యుత్ వాహకత పెరుగుతుంది, రాడార్‌కు అది మెరుస్తుంది. మూడో కారణం ఇంకా కిందది. లక్షల ఏళ్ల ఒత్తిడికి మంచు స్ఫటికాలు ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఆ అమరిక ఒక్కసారిగా మారే చోట కూడా ప్రతిధ్వని వస్తుంది. ఇది కొంత ఇబ్బందికరమైన రకం, ఎందుకంటే దీని వెనక ఉన్నది మంచు కదలిక. అది ఎప్పుడో ఆకాశం నుంచి పడిన పదార్థం కాదు కాబట్టి, దాన్ని తేదీ గుర్తుగా వాడేటప్పుడు జాగ్రత్త పడతారు.

వయసు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆమ్లం పొరకున్న విలువ దాని వ్యాప్తిలో ఉంది. ఒకే పేలుడు తాలూకు ఆమ్లం విశాలమైన ప్రాంతమంతా దాదాపు ఒకే సమయంలో పడుతుంది. తర్వాత దాని మీద ఒకచోట ఎక్కువ మంచు, మరోచోట తక్కువ మంచు పడొచ్చు. ఒకచోట అది 800 మీటర్ల లోతున, ఇంకోచోట 1,500 మీటర్ల లోతున ఉండొచ్చు. లోతు మారినా వయసు మారదు. కాబట్టి ఆ గీతను తెగకుండా వెంబడిస్తూ పోతే, దారిలో ఒక్క తవ్వకం చోటు తగిలినా చాలు, గీత పొడవునా వయసు తెలిసిపోతుంది.

పశ్చిమ అంటార్కిటికాలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అక్కడి రాడార్ చిత్రాల్లో చాలా దూరం వరకు ఒక ప్రకాశవంతమైన గీత కనిపిస్తుంది. దాన్ని ఐస్ కోర్లతో, అంటే తవ్వి తీసిన మంచు కడ్డీలతో పోల్చినప్పుడు వయసు సుమారు 17,500 ఏళ్లని 2005లో ప్రకటించారు. తర్వాత అదే ప్రాంతంలో తీసిన వైస్ డివైడ్ కోర్‌లో రసాయనాలను ఇంకా సూక్ష్మంగా కొలిచినప్పుడు కథ పూర్తయింది. సుమారు 17,700 ఏళ్ల కిందట మౌంట్ టకాహే అనే అగ్నిపర్వతం 192 ఏళ్ల పాటు విడతలు విడతలుగా పేలిందని 2017లో తేలింది. పొర ఉందని చూపించింది రాడార్, దాని వెనక ఉన్నదేంటో చెప్పింది కోర్. దాదాపు ప్రతి కేసులోనూ పని విభజన ఇదే.

అయితే రాడార్ గీత అంటే ఒక ఏడాది మంచు అనుకోకూడదు. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (వాడే పౌనఃపున్యాల వెడల్పు) ఉన్న రాడార్ మంచులో దాదాపు 84 సెంటీమీటర్ల ఎడమున్న రెండు పొరలను విడదీయగలదు, అంతకన్నా దగ్గరగా ఉంటే కలిపేస్తుంది. లిటిల్ డోమ్ సి కోర్ లోతుల్లో ఒక్క మీటరు మంచులో 13,000 ఏళ్ల దాకా ఇరుక్కుని ఉన్నాయి. అక్కడ రాడార్ చూపే ఒక్కో గీత వెనక ఎన్నో వేల ఏళ్లు ఉంటాయి. ఏటేటి మంచును విడివిడిగా చూడాలంటే గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల ‘స్నో రాడార్’ కావాలి, కానీ అది పైన కొన్ని పదుల మీటర్లకే పరిమితం.

ఎక్కువ మందం ఉన్నచోట ఎక్కువ పాత మంచు ఉండదా?

పాత మంచు కావాలంటే బాగా మందమున్న చోట తొలిస్తే సరి అనిపిస్తుంది. అది నిజం కాదు. భూమి లోపలి నుంచి వేడి నిరంతరం పైకి వస్తూ ఉంటుంది. మందమైన మంచు ఆ వేడిని బయటికి పోనివ్వదు, దాంతో అడుగు కరుగుతుంది. కరిగేది అన్నిటికన్నా పాత పొరే. 1970ల విమాన సర్వేల్లో కొన్నిచోట్ల అడుగు నుంచి చదునైన, చాలా బలమైన ప్రతిధ్వని వచ్చింది. అది నీరు. అలా జాడ తెలిసిన వాటిలో ఒకటి నాలుగు కిలోమీటర్ల మంచు కింద, 250 కిలోమీటర్ల పొడవున్న వోస్టాక్ సరస్సు అని 1996లో ఖరారైంది. సరస్సుగా అద్భుతమే, కానీ అత్యంత పాత మంచును వెతికేవారికి అలాంటి చోట అడుగు పొరలు కరిగిపోయాయనే అర్థం.

కాబట్టి కావాల్సింది మధ్యస్థమైన చోటు. అడుగు కరగనంత పలచగా, పొరలు విడివిడిగా చదవగలిగేంత మందంగా ఉండాలి. ఏడాదికి పడే మంచు చాలా తక్కువ ఉండాలి. మంచు పక్కకు జారకుండా దాదాపు నిలకడగా ఉండాలి. అడుగున నేల మరీ ఎగుడుదిగుడుగా ఉండకూడదు. రైతు బోరు వేయించే ముందు పాయింట్ పెట్టించుకున్నట్టే, ఇక్కడ కూడా యంత్రం దించక ముందే సర్వే అవసరం. కాకపోతే ఇక్కడ తప్పు పాయింట్ ఖరీదు చాలా ఏళ్ల శ్రమ.

లిటిల్ డోమ్ సి విషయంలో 2016 నుంచి విమాన రాడార్‌తో, ఆ తర్వాత మంచు మీద వాహనాలతో లాగిన రాడార్‌తో కొలిచారు. ఎపికా కోర్ దగ్గర వయసు తెలిసిన పొరలను గీత వెంట గీతగా లిటిల్ డోమ్ సి వరకు తీసుకెళ్లారు. తెలిసిన పొరల కింద ఇంకా ఎంత మంచు మిగిలి ఉందో చూసి, మంచు ప్రవాహ నమూనాతో దాని వయసు అంచనా కట్టారు. 15 లక్షల ఏళ్ల మంచు దొరకొచ్చని 2021లో అంచనా వచ్చింది. అదే సర్వే ఇంకో మాట కూడా చెప్పింది. అడుగున సుమారు 200 మీటర్ల మేర పొరలేవీ కనిపించని భాగం ఉంది, దాన్ని రికార్డుగా లెక్కించడం కష్టం అని. 2025లో బయటికి వచ్చిన కోర్‌లో చివరి 210 మీటర్లు బాగా నలిగిపోయి, కలగలిసిపోయి ఉన్నట్టు బృందం ప్రకటించింది. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో రాడార్ సాధించిన అతిపెద్ద విజయం ఇదే అనిపిస్తుంది. చదవగలిగే మంచు ఎక్కడ ఆగిపోతుందో అది ముందే చూపించింది.

దీని విలువ గ్రీన్‌లాండ్ అనుభవంతో పోలిస్తే తెలుస్తుంది. 1990ల మొదట్లో అక్కడ యూరప్ బృందం గ్రిప్ పేరుతో, అమెరికా బృందం జిస్ప్2 పేరుతో 28 కిలోమీటర్ల ఎడంలో రెండు కోర్లు తీశాయి. రెండూ మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నవే. పైనుంచి చాలా లోతు వరకు రెండింటి రికార్డులు అచ్చంగా సరిపోయాయి. అడుగున చివరి పది శాతంలో మాత్రం పొంతన లేదు. అంటే మంచు కదలికకు అక్కడి పొరలు మడతపడి తారుమారయ్యాయి. గత హిమయుగానికి ముందున్న వెచ్చని కాలం, సుమారు 1,30,000 నుంచి 1,15,000 ఏళ్ల కిందటిది, సరిగ్గా ఆ చెదిరిన భాగంలోనే చిక్కుకుంది. ఆ కాలం కోసమే 2010లో నీమ్ అనే చోట మళ్లీ అడుగు దాకా తొలిచారు. అక్కడా ఆ పొరలు మడతపడి కనిపించాయి, వాటిని విడదీసి వరస పేర్చుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ 12 లక్షల ఏళ్ల మీద ఎందుకింత పట్టుదల? సముద్రం అడుగు మట్టిని బట్టి చూస్తే, సుమారు 12 లక్షల ఏళ్ల కిందటికి, 9 లక్షల ఏళ్ల కిందటికి మధ్య హిమయుగాల లయ మారింది. అంతకుముందు 41,000 ఏళ్లకోసారి వచ్చేవి, ఆ తర్వాత లక్ష ఏళ్లకోసారి రావడం మొదలైంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గడం దీనికి కారణమా అన్నది తేలాలంటే ఆనాటి గాలే కావాలి. ఆ గాలి మంచులోని బుడగల్లో తప్ప ఇంకెక్కడా నేరుగా దొరకదు. 8 లక్షల ఏళ్ల రికార్డులో ఆ వాయువు పది లక్షల భాగాలకు సుమారు 180 నుంచి 300 మధ్యే తిరిగింది. ఇప్పుడది 420 దాటింది.

పొరల వంపులో దాగిన సమాచారం

తవ్వకం చోటు ఎంచడంతో రాడార్ పని అయిపోదు. రెండు పొరల వయసులు తెలిస్తే, వాటి మధ్య దూరాన్ని బట్టి ఆ కాలంలో ఎంత మంచు పడిందో లెక్కకట్టవచ్చు. పశ్చిమ అంటార్కిటికాలో సుమారు 4,700 ఏళ్ల నాటి పొరను విశాలంగా గుర్తించి 2023లో ఈ లెక్క వేశారు. ఆ కాలం నుంచి పడిన మంచు సగటు, ఇప్పుడు పడుతున్నదాని కన్నా దాదాపు 18 శాతం ఎక్కువని తేలింది. ఒక్క కోర్ ఒక్క చోటు సంగతి చెబుతుంది. ఇలాంటి మ్యాపు ఒక ప్రాంతం మొత్తానిది.

పొరల ఆకారం మంచు కదలికకు కూడా సాక్ష్యం. మంచు రెండు వైపులా జారే గట్టు మీద, లోతున ఉన్న మంచు పక్కనున్న దాని కన్నా బిగువుగా ప్రవర్తిస్తుందని, అందుకే పొరలు అక్కడ పైకి విల్లులా వంగాలని చార్లెస్ రేమండ్ 1983లో సిద్ధాంతపరంగా చెప్పారు. ఆ తర్వాత రాడార్ చిత్రాల్లో అవి నిజంగానే కనిపించాయి. విల్లు పెద్దగా, నిటారుగా ఉంటే ఆ గట్టు వేల ఏళ్లుగా అక్కడే ఉందని అర్థం. వంకరగా ఉంటే గట్టు జరిగింది. అంటే చుట్టూ ఉన్న మంచులో ఏదో మార్పు వచ్చింది.

గ్రీన్‌లాండ్‌లో ఈ పని ద్వీపం మంచు మొత్తం స్థాయిలో జరిగింది. కాన్సస్ విశ్వవిద్యాలయం తయారుచేసిన రాడార్లతో 1993 నుంచి 2013 వరకు సేకరించిన సమాచారాన్ని కలిపి, మంచు మొత్తానికి వయసు మ్యాపును 2015లో విడుదల చేశారు. దాన్ని వాడి మరుసటి ఏడాది వచ్చిన అధ్యయనం ఆశ్చర్యం కలిగించింది. గత 9,000 ఏళ్ల సగటుతో పోలిస్తే గ్రీన్‌లాండ్ లోపలి భాగంలో మంచు ఇప్పుడు నెమ్మదిగా కదులుతోంది. మెత్తగా ఉండే హిమయుగపు మంచు క్రమంగా అడుగుకు నలిగి పలచబడటం, దాని స్థానంలో బిగువైన మంచు పేరుకోవడం ఒక కారణం.

ఇలాంటి ఫలితాన్ని పక్కదారి పట్టించడం తేలిక. ‘గ్రీన్‌లాండ్‌కు ముప్పు లేదు’ అని ఇది చెప్పడం లేదు. ఇది లోపలి భాగంలో వేల ఏళ్లుగా సాగుతున్న మెల్లని సర్దుబాటు. అంచుల్లో సముద్రంలోకి పోయే హిమానీనదాల వేగం, పైన కరగడం వేరే సంగతి, అవి ఇటీవలి దశాబ్దాల్లో పెరిగాయి. పైగా లోపలి భాగం ఇప్పటికీ పాత వాతావరణానికి సర్దుకుంటూనే ఉందంటే, ఇవాళ్టి ఉపగ్రహం కొలిచే మార్పులో ఎంత పాతది, ఎంత కొత్తది అన్నది విడదీసి చూడక తప్పదు.

నైసార్ చూసేది వేరు

నైసార్‌లో వేర్వేరు పొడవుల తరంగాలతో పనిచేసే రెండు రాడార్లు, నాసా ఎల్-బ్యాండ్ రాడార్, ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్ ఉన్నాయి. ఇది 12 రోజులకోసారి అదే చోటుకు తిరిగొచ్చి, రెండు చిత్రాలను పోల్చి, మంచు ఉపరితలం ఎంత జరిగిందో సెంటీమీటర్ల తేడాతో పసిగడుతుంది. మంచు ఎక్కడికి, ఎంత వేగంగా పోతోందన్నదే దీని ప్రశ్న. ఎండు మంచులోకి ఈ తరంగాలు కొంత దూరం చొచ్చుకుపోయినా, కిలోమీటర్ల లోతు పొరల చిత్రం దీని నుంచి రాదు. ఆ పనికి విమానమో, మంచు మీద లాగే బండో కావాలి.

కక్ష్య నుంచి లోపలి పొరలు చూడటం అసాధ్యమేమీ కాదు. అంగారక గ్రహం ధ్రువాల మంచు పొరలను మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌లోని షరాడ్ అనే రాడార్ ఎప్పుడో చూసింది. భూమి దగ్గరే చిక్కు ఎక్కువ. ఇక్కడి అయనోస్ఫియర్, అంటే విద్యుదావేశమున్న పై వాతావరణ పొర, తక్కువ పౌనఃపున్యాల సంకేతాన్ని చెడగొడుతుంది, పైగా ఆ పౌనఃపున్యాల్లో ఇతర రేడియో సేవలు నడుస్తుంటాయి. ఈ లెక్కన అంగారకుడి మంచు ఒక రకంగా అంటార్కిటికా కన్నా అందుబాటులో ఉన్నట్టు.

పాత ఫిల్ములకు కొత్త తేదీలు

1970లలో అమెరికా విమానాల్లో బ్రిటన్, డెన్మార్క్ పరికరాలతో అంటార్కిటికా మీద నాలుగు లక్షల కిలోమీటర్లకు పైగా ఎగిరి రాడార్ సర్వే చేశారు. అప్పట్లో సంకేతాలను 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద రికార్డు చేశారు. ఆ రీళ్లను స్టాన్‌ఫర్డ్ బృందం మళ్లీ స్కాన్ చేసి 2019లో బయటపెట్టింది. పశ్చిమ అంటార్కిటికాలోని త్వేట్స్ హిమానీనదం ముందున్న తేలియాడే మంచు పలక తూర్పు భాగం 1978 నుంచి 2009 మధ్య 10 నుంచి 33 శాతం పలచబడిందని ఆ పోలికలోనే తెలిసింది. ఉపగ్రహ రికార్డు అంత వెనక్కి పోదు.

పొరల విషయంలో మాత్రం ఒక చిక్కు మిగిలే ఉంది. ఒక్కో దేశం రాడార్ ఒక్కో పౌనఃపున్యంతో పనిచేస్తుంది. ఒకదానికి మెరిసిన పొర ఇంకోదానికి మసకగా కనిపించవచ్చు. వేగంగా జారే మంచు ప్రాంతాల్లో గీతలు తెగిపోతాయి, అవతల మళ్లీ మొదలైన గీత అదేనా అన్నది తేల్చుకోవాలి. అంటార్కిటికా పరిశోధనలను సమన్వయపరిచే స్కార్ సంస్థ కింద ‘అంట్ఆర్కిటెక్చర్’ అనే బృందం ఈ గీతలన్నిటినీ ఒక్క చట్రంలోకి తెచ్చే పని చేస్తోంది.

లిటిల్ డోమ్ సి కోర్ ఇక్కడే మళ్లీ పనికొస్తుంది. ఎపికా కోర్ వరస రికార్డు 8 లక్షల ఏళ్లతో ఆగిపోవడంతో, అంతకన్నా కిందున్న పొరలకు నమూనాల అంచనా తప్ప నేరుగా కొలిచిన తేదీ లేదు. గీతలు చాలావరకు ఇప్పటికే రికార్డయి ఉన్నాయి. కొత్త కోర్‌లో లోతు వెంట వయసు ఖరారైన కొద్దీ, ఆ చోటును తాకే పాత సర్వేలన్నిటిలోని లోతైన పొరలకు కూడా తేదీ పడుతుంది. అందుకు విమానం మళ్లీ ఎగరాల్సిన పని ఉండదు.